బర్మా గది

పల్లెనుండి పట్టణమునకు పోవువారికి సాధారణముగా మూడు పనులుండును: వైద్యము, వ్యాజ్యము, పెండ్లిబట్టలు. ఆత్మకూరునుండి హైదరాబాదునకు మేమును అట్టి పనిమీదనే పోయితిమి. పని ముగిసిన పిదప ఒక పూట మిగిలెను. ఇంటి పిల్లలు సాలార్‌జంగు మ్యూజియము చూడవలెనని పట్టుబట్టిరి. మాతో వచ్చిన వృద్ధురాలొకతె, వరుసకు మాకు అవ్వ, బొమ్మలు చూచు వయసా తనదని మొదట వెనుకాడి, తుదకు పిల్లల చేయి పట్టుకొని బయలుదేరెను.

అచ్చటికి పోయినవారందరు చేయునట్లే మేమును మొదట గడియారము ముందర నిలిచితిమి. గంటగంటకును ఒక చిన్ని మనిషిబొమ్మ వెలికివచ్చి గంట కొట్టి పోవును. దానికై వందలకొలది జనులు కాచుకొని యుందురు. పిదప ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కాను చూచితిమి. పాలరాయి పలుచని వస్త్రమైనట్లు తోచుట నిజముగా నాశ్చర్యకరమే. కాని తూర్పుదేశముల వస్తువులుంచిన భాగమునకు వచ్చుసరికి జనము పలుచబడెను. బర్మా వస్తువులున్న చిన్న గదిలో మేము అర్ధగంట నిలిచితిమి. ఆ అర్ధగంటలో అటు వచ్చినవారందరు మమ్ము దాటి పోయినవారే గాని ఆగినవారు లేరు. సముద్రమార్గమున తెలుగువారికి పొరుగైన ఆ దేశమును చూడ మనకు తీరిక లేకపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ముందుగా ఆ సంగ్రహమును గూర్చి రెండు మాటలు. దీనిని ప్రధానముగా కూర్చినవాడు మూడవ సాలార్‌జంగు అనబడు మీర్ యూసఫ్ అలీ ఖాన్. ఆయన 1889లో జన్మించి, 1912 మొదలు 1914 వరకు నిజాము ప్రభుత్వమున దివానుగా నుండి, పదవిని వీడిన పిమ్మట తన యాస్తిని వస్తుసేకరణకే వెచ్చించెను. వివాహము చేసికొనలేదు. 1949లో ఆయన మరణించెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆ సంగ్రహమును దివాన్ దేవిడీలో ప్రజలకు తెరచెను. 1961లో పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయయ్యెను. 1968లో మూసీ దక్షిణతీరమునందలి నేటి భవనమునకు మారెను. ఒక జాగీర్దారు విలాసముగా కూడబెట్టినది జనసామాన్యమునకు చెందెను. సంస్థానముల సీమలో పుట్టిన మేము దీనిని తేలికగా చూడజాలము. రైతు చెల్లించిన పన్నులే ఈ సొమ్మునకు మూలము గనుక, అవి ప్రజల కన్నులయెదుటికి వచ్చుట దానము కాదు, ఒకవిధమగు ఋణవిమోచనము.

ఇక గదిలోనికి పోదము. బంగారుపూతగల కొయ్యచెక్కడములు, బుద్ధప్రతిమలు, లక్కపనివస్తువులు - ఇవియే అచ్చటి ముఖ్యవిశేషములు. పిల్లలు పేర్లు చదువుచుండగా అవ్వ ఒక గుండ్రని పెట్టెముందర నిలిచిపోయెను. ఎఱ్ఱని లక్కపై సన్నని గీతలతో పనిచేసిన పెట్టె అది. ఆమె అద్దమునకు ముఖము చేర్చి చూచి, "ఇది ఆకువక్కల పెట్టె గదా, బిడ్డా! మన ఇంట్ల ఇత్తడిది ఉండె" అనెను. చదువుకొన్న మాకు తెలియనిది చదువురాని ఆమెకు తెలిసెను! బర్మావారి తాంబూలపుపెట్టె సాధారణముగా ఈ యాకారముననే యుండును. లోపల ఒకదానిపై నొకటి అమరు పళ్లెములుండును. వానిలో సున్నము, వక్కలు, వాని క్రింద ఆకులు. అతిథికి ఆకువక్క లీయని ఇల్లు మనకెట్లో వారికిని అట్లే మర్యాద తప్పిన ఇల్లు.

ఆ లక్కపనిని గూర్చి కొంచెము వివరింపవలెను. లక్క యన మనకు చెట్టుకొమ్మలపై పురుగు పెట్టు జిగురు. ఏటికొప్పాకలో అంకుడుకొయ్యను తరిమెనబట్టి, తిరుగుచుండగా లక్కకణికను ఒత్తి, ఆ వేడిచే రంగు పట్టింతురు. బర్మాలక్క పేరునకు లక్కయే గాని వస్తువు వేఱు. అది 'తిస్సీ' యను చెట్టునుండి గాటు పెట్టి తీసిన నల్లని పాలు. చీనా, జపాను దేశముల లక్కయు ఇట్టి చెట్టుపాలే. సన్నగా చీల్చిన వెదురుబద్దలతో, మిక్కిలి మేలైన వస్తువులకు గుఱ్ఱపువెండ్రుకలతో, మొదట పాత్రను అల్లుదురు. దానిపై ఈ పాలు పూసి, బూడిద కలిపిన ముద్దతో సందులు పూడ్చి, నేలమాళిగలో ఆరబెట్టుదురు. విచిత్రమేమనగా ఈ పాలు ఎండలో గాక తేమగాలిలో గట్టిపడును. ఆరినదానిని నునుపుచేసి మరల పూయుదురు. ఇట్లు పూతపై పూత పడిన తరువాత ఉలితో గీతలు గీసి, ఒక్కొక్క రంగును వేఱువేఱుగ నింపి, ఆరబెట్టి, తుడిచి, మఱల గీయుదురు. మంచి పాత్ర పూర్తియగుటకు ఆరునెలలు పట్టవచ్చును. పగాను పట్టణము ఈ పనికి పేరుపొందినది. 1924లో అచ్చట లక్కపని నేర్పు పాఠశాలయు వెలసెను. అల్లువాడొకడు, పూయువాడొకడు, గీయువాడొకడు. గదిలోని పెట్టెపై వీరిలో ఒక్కని పేరును లేదు.

బుద్ధప్రతిమల ముందర మా పిల్లవాడొకడు ఉత్సాహముతో, "బుద్ధుని మనమే వారికిచ్చితిమి గదా?" అనెను. ఈ మాట మన పాఠ్యపుస్తకములలోను, సభలలోను తఱచుగ వినబడును. దీనిలో సత్యమెంత, గర్వమెంత యని విమర్శించుట మంచిది.

సత్యము కొంత కలదు. క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ తెలుగుతీరమునుండి సువర్ణభూమికి నావలు బయలుదేరు స్థలమును పేర్కొనెను. మా ఊరి చేరువ జూరాలయొద్ద పాఱు కృష్ణయే దిగువను నాగార్జునకొండ లోయను, అమరావతిని తాకి సముద్రమున కలియుచున్నది. ఆ లోయలో క్రీ.శ. 3వ శతాబ్దమున బోధిశ్రీ యను గృహిణి, ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని కాలమున, సింహళాచార్యులకై చైత్యగృహమును కట్టించి శాసనము వేయించెను. కాశ్మీరము, గాంధారము, చీనా మొదలగు దేశములను ధర్మమార్గమునకు తెచ్చిన ఆచార్యులని అందు వారిని కీర్తించినది. మన సోదరీమణులు గమనింతురు గాక: తూర్పుపడమరల పేర్లు ఇన్ని యొక్కచోట పలికిన ఆ రాత ఒక స్త్రీ చేయించినది. బర్మాలో ప్యూజాతివారి ప్రాచీననగరమగు శ్రీక్షేత్రమున, 1926-27లో ఖిన్‌బా దిబ్బను త్రవ్వగా, ఇరువది బంగారురేకుల పాళీగ్రంథము బయల్పడెను. దాని లిపికి, మన దక్షిణాపథమున 5వ శతాబ్ద ప్రాంతమున వాడిన లిపులకు గల పోలికను పండితులు గుర్తించిరి. నేటి బర్మా అక్షరములను చూచి తెలుగువాడు తనవే ననుకొని చదువబోయి తడబడుట ఈ దూరపు చుట్టరికము చేతనే.

కాని చుట్టరికము వేఱు, పెత్తనము వేఱు. బోధిశ్రీ శాసనమున బర్మా పేరు లేదు. పైగా అది సింహళమునుండి వచ్చిన గురువులకు తెలుగునేలపై జరిగిన సన్మానము. అనగా ధర్మము ఒకదారిన పోయి మఱొకదారిన వచ్చుచుండెను. బర్మాలోని మోనులకు 'తలైంగు' అను పేరు తెలింగాణమునుండి వచ్చినదని కొందఱు చరిత్రకారులు ఊహించిరి, ఇతరులు అంగీకరింపలేదు. లిపి ఇచ్చిననేమి, ఆ లిపితో వ్రాసినది వారి మాట. ప్రతిమకు మూలము మనదైననేమి, ఆ ముఖము వారి ముఖము. మాండలే శిల్పి చెక్కిన బుద్ధుని విశాలమగు లలాటము, మడతలుగా జారు చీవరము అమరావతిలో కానరావు. ఇచ్చినది మాత్రమే లెక్కించి, వారు స్వయముగ సాధించినది చూడకపోవుట విద్య కాదు. ఆ లక్కపెట్టె ముందర మనము గురువులము కాము, విద్యార్థులము.

ప్రక్కనున్న చీనా, జపాను గదులను త్వరగా చూచితిమి. విషాన్నము తగిలిన చీలునని పూర్వులు నమ్మిన ఆకుపచ్చని చీనాపాత్రలు, జపానువారి ఖడ్గములు, పింగాణి - అన్నియు రమ్యములే. కాని మా మనస్సు బర్మా గదినే తిరిగి తిరిగి చేరుచుండెను. ఏలయన అచ్చట లేనిదొకటి మాకు తోచెను.

అచ్చట లేనిది తెలుగుకూలీ. 1937 ఏప్రిలు 1వ తేదీవరకు బర్మా భారతదేశములో ఒక రాష్ట్రము. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణముల రేవులనుండి వేలకొలది తెలుగువారు 'రంగము' పోయిరి. రంగూనునకు మనవారిడిన పేరది. కోరంగి 1839 తుపానులో నాశనమైనను ఆ పేరు బ్రతికెను: బర్మాలో తెలుగుకూలీలను కోరంగీలనిరి. వడ్లమిల్లులలో, రేవులో, రిక్షాలవద్ద వారి చెమటయే. 1931 జనాభాలెక్కలలో బర్మాయందలి భారతీయులు పదిలక్షలకు మించిరి. రంగూను జనములో సగముకంటె నెక్కువ వారే. 1930 మే నెలలో కూలి పెంపునకై తెలుగు రేవుకూలీలు సమ్మె కట్టగా, యజమానులు బర్మావారిని పనిలో పెట్టిరి. సమ్మె తీఱి తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మనిరి. ఆకలిగొన్న ఇరుజాతులు కత్తులు పట్టెను. నూఱుమందికి పైగా మడిసిరి. నష్టపడనివాడు ఉభయులకును కూలి నిర్ణయించినవాడే. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు అరకాను, మణిపురపు కొండలగుండ కాలినడకను వచ్చిరి. దారిలో కూలినవారు వేలకువేలు. 1962 సైనికవిప్లవము పిమ్మట, 1964లో అంగళ్లు ప్రభుత్వపరము కాగా మిగిలినవారును ఓడలెక్కిరి. విశాఖలోని కంచరపాలెమున బర్మాక్యాంపు అను పేట నేటికిని వారి జ్ఞాపకము.

తీరమువారి కథ పాలమూరువారికి ఏల యందురేమో! మా సీమనుండి రంగము పోయినవారు లేకపోవచ్చును. కాని వలస యన నేమో మాకు ఎవ్వరును చెప్పనక్కఱలేదు. మూటాముల్లె కట్టుకొని, ముసలివారిని పిల్లలను ఇంట విడిచి, మేస్త్రీవెంట దూరదేశములకు పోయి ఆనకట్టలకు మట్టిమోసిన పాలమూరు కూలీలను ఎఱుగనివారెవరు? పెట్టెపై లేని లక్కపనివాని పేరు, రేవులెక్కలో లేని తెలుగుకూలి పేరు, ఆనకట్ట శిలాఫలకముపై లేని పాలమూరుకూలి పేరు - ఈ మూడు లోపములు ఒకటే లోపము. చేసినవాని పేరు మఱచి, కొన్నవాని పేరు నిలుపుట మన చరిత్రకు అలవాటయ్యెను.

దీనికి గృహస్థులు చేయదగినది కొంత కలదు. విద్వద్గద్వాలయని పేరుగన్న సీమ మాది. ఆత్మకూరు, వనపర్తి సంస్థానములును కవిపండితులను పోషించినవే. అట్టి సీమలో ఎన్ని తాటాకుప్రతులు అటుకులపై చెదలు తినుచున్నవో, ఎన్ని పాత ఇత్తడిపెట్టెలు తూకమునకు పోవుచున్నవో ఒక్కమాఱు విచారింపుడు. వస్తువును కాపాడుట చాలదు. దానిని ఎవరు చేసిరో, ఎవరు వాడిరో ఇంటి పెద్దలనడిగి వ్రాసి యుంచవలెను. అలంపురమున పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల మాకు చేరువనే యున్నది. పిల్లలను అటు కొనిపోవుటకు పెండ్లిబట్టల నెపము అక్కఱలేదు. పట్టణమునకు పోయినప్పుడు గడియారము చూడవలదని మేమనము. గంట కొట్టినపిదప, మఱొక గంటకై కాచుకొనక, ఆ నడిమికాలమును పొరుగువాని గదికి ఇండని మా మనవి.

ఇల్లు చేరిన మఱునాడు అవ్వ అటుకపైనుండి తన ఇత్తడిపెట్టెను దింపించెను. ఒక అర దుమ్ముపట్టి యుండెను, ఒక మూత పోయినది. చింతపండుతో తోముచు, దానిని తన తండ్రి ఏ సంతలో కొనెనో, ఏ కంచరివాడు మాటువేసెనో పేరుతోగూడ చెప్పెను. మా పిల్లవాడు కాగితము తెచ్చి ఆ పేరు వ్రాసి పెట్టెలోనే యుంచెను.