కాదనలేని ఉనికి

1991 ఫిబ్రవరి 12. కచేరీల యాత్ర ముగించుకుని ఇంటిదారి పట్టిన ఒక వ్యాన్ అమెరికాలో ప్రమాదానికి గురైంది. అందులో ఉన్నది ఫ్లోరిడాలోని సరసోటా ఊరి కుర్రాళ్లు. బ్యాండ్ పేరు ఎథీస్ట్. స్వీడన్ బ్యాండ్ క్యాండిల్‌మాస్‌తో కలిసి ఊరూరా వాయించి వస్తున్నారు. మిగతావాళ్లు బతికారు. బేస్ గిటార్ వాయించే రోజర్ ప్యాటర్సన్ మాత్రం పోయాడు. రెండో ఆల్బమ్‌కి పాటలు చాలావరకు అప్పటికే సిద్ధమయ్యాయి.

బేస్ వాయించేవాడు పోతే ఇంకొకడిని తెచ్చుకోవచ్చు కదా అనిపించడం సహజం. ఈ బ్యాండ్ వాయించే డెత్ మెటల్‌లో అయితే మరీను. గొంతులో గర్జన, గిటార్ల రొద, రెండు కాళ్లతో ఆపకుండా మోగించే బాస్ డ్రమ్ములు, వీటన్నిటి కింద బేస్ అనేది ఉందో లేదో కూడా తెలియదు. గిటార్ ఏ స్వరం పట్టుకుంటే అదే స్వరాన్ని ఒక స్థాయి కింద పలకడం దాని పని. అంతవరకే.

రోజర్ ఆ పని చేయలేదు. తీగలు మీటే పిక్ లేకుండా వట్టి వేళ్లతో, గిటార్లు ఎంత వేగంగా పోతే అంత వేగంగా వాయించేవాడు. వేగం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. గిటార్ ఒక మాట అంటుంటే అతని బేస్ ఇంకో మాట అనేది, రెండూ కలిస్తేనే వాక్యం పూర్తయ్యేది. పాట అల్లేటప్పుడే అతని చెయ్యి అందులో ఉంది. ఆ బాణీ తీసేసి మామూలు బేస్ పెడితే పాట పేరు అదే ఉంటుందేమో గానీ పాట అది కాదు.

గిటార్ వాయిస్తూ పాడే కెల్లీ షేఫర్, రెండో గిటారిస్టు ర్యాండ్ బర్కీ, డ్రమ్మర్ స్టీవ్ ఫ్లిన్ ముందు రెండే దారులున్నాయి. పాటలను అక్కడే వదిలేయడం, లేదా రోజర్ కట్టిన బాణీలను మోయగల మనిషిని వెతకడం. మయామీ బ్యాండ్ సినిక్‌లో బేస్ వాయించే టోనీ చోయ్ వచ్చాడు. 1990లో రోజర్ ఉండగా రికార్డు చేసిన డెమో ఎలాగూ ఉంది. పోయినవాడి వేళ్ల కదలికను టేపు విని పట్టుకోవాలి. ఎవరి చేతి తీరు వారిది, ఏ వాద్యకారుడికైనా ఇంకొకరి ఆలోచనను ఉన్నదున్నట్టు వినిపించడం కష్టం. చోయ్ గొప్పతనం నాకు ముందుగా కనిపించేది అక్కడే.

రికార్డింగ్ టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో, స్కాట్ బర్న్స్ చేతుల మీదుగా జరిగింది. ఆ ఏడాదే అక్కడే డెత్ అనే బ్యాండ్ తన 'హ్యూమన్' ఆల్బమ్ చేసింది. దానికీ సినిక్ నుంచే ఇద్దరు వెళ్లారు: గిటార్‌కి పాల్ మాస్విడాల్, డ్రమ్స్‌కి షాన్ రైనర్ట్. ఒక మయామీ బ్యాండ్ కుర్రాళ్లు ఒకే ఏడాది ఇలా రెండు ఆల్బమ్‌లకు ప్రాణం పోశారు.

1991లోనే విడుదలైన ఎథీస్ట్ రెండో ఆల్బమ్ పేరు 'అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్'. ఎనిమిది పాటలు, మొత్తం అరగంట పైచిలుకు. మొదటిసారి విన్నవాళ్లకి తాళం చేతికి చిక్కదు. నాలుగు లెక్కన తల ఊపుతూ ఉంటామా, మధ్యలో ఒక దెబ్బ తగ్గుతుంది, మరో చోట ఒకటి పెరుగుతుంది. మన తల తప్పుతుంది గానీ ఆ నలుగురూ తప్పరు. ఫ్లిన్ డ్రమ్స్‌లో జాజ్ పోకడ ఉంది. కొట్టాల్సినచోట ఊరుకుని, అనుకోని చోట సింబల్‌ని తాకి వదులుతాడు. ఆ వదిలిన ఖాళీలోకి బేస్ వచ్చి చేరుతుంది.

'యాన్ ఇన్‌కార్నేషన్స్ డ్రీమ్' పాట రొద లేని గిటార్‌తో నెమ్మదిగా మొదలవుతుంది. డెత్ మెటల్ వింటున్నామా అని సందేహం వచ్చేంత నెమ్మది. తొలి పాట 'మదర్ మ్యాన్'లో చోయ్ తన సొంత ముద్ర కూడా వేశాడు. బొటనవేలితో తీగను కొట్టి, ఇంకో వేలితో లాగి వదిలే స్లాప్ పద్ధతి అది. ఫంక్ సంగీతంలో తిరిగే ఆ చిటపట ఇలాంటి పాటలో వినపడటం అప్పటికి కొత్త. వారసత్వంగా వచ్చినదాన్ని చెడకుండా నిలిపి, తనది ఎక్కడ కలపాలో అక్కడే కలిపాడు.

అప్పట్లో అమ్మకాలు అంతంతమాత్రం. వేగం, రక్తపాతం కోసం వచ్చిన కుర్రకారుకి ఈ మలుపులు అర్థం కాలేదు. ఫ్లిన్ చదువు కోసం తప్పుకున్నాడు. 1993లో మూడో ఆల్బమ్ 'ఎలిమెంట్స్' వచ్చాక బ్యాండే చెదిరిపోయింది. మళ్లీ కలిసింది 2006లో. ఈలోగా 'అన్‌క్వశ్చనబుల్ ప్రెజెన్స్'లోని అరగంట సంగీతాన్ని పాఠంలా నేర్చుకున్న తరం ఒకటి తయారైంది. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ అనే మాట వచ్చినచోటల్లా ఇప్పుడు ఈ ఆల్బమ్ పేరు వస్తుంది.

2005లో మళ్లీ విడుదల చేసినప్పుడు రోజర్ వాయించిన ఆ 1990 డెమోని కూడా జతచేశారు. డెమో శబ్దం ముతకగానే ఉంటుంది. అయినా ఆల్బమ్ పేరే ఉన్న పాటని ముందు అందులో విని, వెంటనే ఆల్బమ్‌లో వినండి. ఒకే బాణీ ఇద్దరి చేతుల్లో ఎలా పలికిందో తెలుస్తుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. మామూలు శ్రుతిలో బేస్ గిటార్ అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత లోతు శబ్దాన్ని ఆ చిన్న స్పీకర్ పలకలేదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, లేకపోతే రోజర్ చేసిన పనిలో సగం మీ చెవిదాకా రాదు.