నెల్లూరి తీరమున పశువుల మేత

నెల్లూరు పేరు వినగనే మొలగొలుకుల బియ్యము స్ఫురించును. బియ్యము మనుజులకు, గడ్డి పశువులకు. పంపకము న్యాయముగనే తోచును గాని, ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 4 పాళ్లకు మించుట అరుదు. పశువు కడుపులోని మొదటి అరయందు కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి అరిగించును. మేతలో నూటికి 7 పాళ్లయినను మాంసకృత్తు లేనిచో ముందుగా ఆ సూక్ష్మజీవులే పస్తుండును. గడ్డివామి నిండుగ నున్నను వేసవిలో ఎద్దు డొక్కలెండుటకు కారణ మిదియే.

కోస్తా మాగాణి రైతు శాస్త్రము చదువకయే దీనికొక ఉపాయము కనుగొనెను. వరి చేలలో తడి ఆరక మునుపే పిల్లిపెసర చల్లెను. ఆ మొక్క వేరుబుడిపెలలోని జీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. అదియే ఆకులో మాంసకృత్తుగా మారును. కొంత పశువుకు మేత, మిగిలినది నేలకు ఎరువు. మెట్ట ప్రాంతమున వేరుసెనగ తీగ, చెక్క ఆదుకొనెను. ఈ వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చినదే. ఆ ఋణము తీర్చుటకా యన్నట్లు మన పశువులు 19వ శతాబ్దిలో బ్రెజిలునకు తరలినవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే గనుక, ఒంగోలు గిత్తకు అచ్చట ‘నెలోర్’ అను పేరు నిలిచినది. పేరు మనది, పశువు మనది. అది నేడు మేయు గడ్డి మాత్రము చాలవరకు ఆఫ్రికాది!

మేతమొక్క స్వభావమునే మార్చ పూనినవారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు. ప్రొద్దుతిరుగుడు గింజలో గంధకము మెండుగా గల మాంసకృత్తు ఒకటి కలదు. అది మొదటి అరలో సులభముగ చెడక దిగువకు చేరును. దాని జన్యువును లూపిన్ అను పప్పుజాతి పైరులో చొప్పించి, ఫలితమును 1997లో ప్రకటించిరి. ఆ గింజలు తిన్న మెరినో గొఱ్ఱెల బరువును, ఉన్నియు హెచ్చినవి. పచ్చిమేతయైన క్లోవరు ఆకులో మాత్రము ఆ మాంసకృత్తు స్వల్పముగనే నిలిచెను. గింజ దాచుకొనుటకు పుట్టినది. ఆకు పుట్టినది అందులకు కాదు గదా!

మన నెల్లూరు గొఱ్ఱెకు – పల్ల గాని, జోడిపి గాని, డోర గాని – ఒంటిపై ఉన్ని లేదు, వెండ్రుకలే. కావున ఇట్టి మేత వచ్చినను దాని విలువను ఉన్నితో గాక పిల్లల ఎదుగుదలతో తూచవలసి యుండును.

వేరొక అనుభవము కూడ తలపవలసినది. పశువుల దాణాకై బ్రెజిలు గింజలోని జన్యువును సోయాచిక్కుడులో చేర్చిరి. ఆ గింజ పడనివారికి ఈ సోయాయు పడదని పరీక్షలలో తేలెను. 1996లో ఆ విషయము ప్రచురితమైనది, పైరు అంగడికెక్కలేదు. పరీక్ష తన పని చేసినదనియే నా అభిప్రాయము.

మన దేశమున 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించెను. దాని గింజల చెక్కను మన పశువులు తినుచునే యున్నవి. కాని ఆ మార్పు పురుగును ఆపుటకు, మేతను బలపరచుటకు కాదు.

ఇంతలో నెల్లూరి తీరమే మారినది. 1990 తరువాత ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతములందు చేలు పెక్కు రొయ్యల గుంటలైనవి. రొయ్యకు వేయు మేతలో మాంసకృత్తులు నూటికి 30 పాళ్లకు పైబడి యుండును. గుంట గట్టున కట్టిన గేదె ముందు మాత్రము నేటికిని వరిగడ్డియే.