కన్వర్టిబుల్ కార్ల శీతాకాల వినియోగం

పైకప్పును వెనుకకు మడిచి, అవసరమైనపుడు తిరిగి మూసుకొనే వీలున్న కారును కన్వర్టిబుల్ అంటారు. ఐరోపాలో దీనిని క్యాబ్రియోలెట్ అని కూడా పిలుస్తారు. పైకప్పు గుడ్డతో గాని వినైల్‌తో గాని చేసినదైతే దానిని సాఫ్ట్ టాప్ అని, లోహంతో గాని గట్టి ప్లాస్టిక్కుతో గాని చేసినదైతే హార్డ్ టాప్ అని వ్యవహరిస్తారు. సాఫ్ట్ టాప్ కార్లు వేసవి విహారానికే అని పేరుపడినా, జర్మనీ, స్వీడన్, బ్రిటన్, ఉత్తర అమెరికా వంటి చలి ప్రదేశాలలో వీటిని ఏడాది పొడవునా నడిపేవారు ఉన్నారు. ఈ కార్లకు చలి కంటే టాపు చుట్టూ నిలిచి గడ్డకట్టే నీరు, రోడ్లపై చల్లే ఉప్పు ఎక్కువ హాని చేస్తాయి.

చరిత్ర

మోటారు కార్ల తొలి దశాబ్దాలలో చాలా కార్లకు గుర్రపు బగ్గీలకు వలె మడత టాపు మాత్రమే ఉండేది. అందువలన ఆనాడు చలికాలంలోనూ తెరచిన కారులో ప్రయాణించడం సాధారణ విషయం. 1920లలో అమెరికాలో మూసిన కార్ల ధర తగ్గడంతో మడత టాపు క్రమంగా విలాస వస్తువుగా మారింది.

1949లో జర్మనీలోని ఓస్నాబ్రుక్ నగరంలో కార్మాన్ సంస్థ ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు కన్వర్టిబుల్ రూపాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. 1980 వరకు తయారైన ఈ కారుకు లోపల మెత్త వేసిన మందమైన టాపు ఉండేది. స్వీడన్‌కు చెందిన సాబ్ సంస్థ 1986 నుండి సాబ్ 900 కన్వర్టిబుల్‌ను ఫిన్లాండ్‌లోని యూసికౌపుంకి పట్టణంలో తయారు చేయించింది. పలు పొరల టాపు, విద్యుత్తుతో వేడెక్కే వెనుక గాజు అద్దం, ముందు చక్రాల చోదనం గల ఈ కారు మంచు దేశాలలో ఏడాది పొడవునా వాడదగినదిగా పేరు పొందింది.

1989లో జపానుకు చెందిన మాజ్డా సంస్థ విడుదల చేసిన ఎమ్ఎక్స్-5 కారులో వెనుక కిటికీ జిప్పు గల ప్లాస్టిక్కు పలకగా ఉండేది. 1998లో అమ్మకానికి వచ్చిన రెండవ తరం కారులో దీని స్థానంలో వేడి తీగలు గల గాజు అద్దాన్ని అమర్చారు.

టాపు నిర్మాణం

మెరుగైన టాపులలో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి. పైన నీరు పీల్చని గుడ్డ, మధ్యలో వేడిని నిలిపే మెత్త, లోపల అస్తరు ఉంటాయి. ఒకే పొర గల టాపు వేడిని త్వరగా పోగొట్టుకుంటుంది. ప్రయాణికుల శ్వాసలోని తేమ చల్లని లోపలి తలానికి తగిలి నీటి బిందువులుగా మారుతుంది. రాత్రి అదే తేమ గడ్డకట్టి అద్దాల లోపలి వైపు కూడా మంచు పొరగా ఏర్పడుతుంది.

వినైల్ టాపులకు, ప్లాస్టిక్కు కిటికీలకు మెత్తదనం వాటిలో కలిపే రసాయనాల వలన వస్తుంది. ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ ఇవి బిరుసెక్కి, మడిచినపుడు పగులుతాయి.

శీతాకాలపు సమస్యలు

వెనుక చూపు: ప్లాస్టిక్కు కిటికీపై మంచును గీకుడు పలకతో తీయరాదు. గీతలు పడితే కిటికీ శాశ్వతంగా మసకబారుతుంది. వేడి తీగలు లేనందున తేమ కూడా త్వరగా ఆరదు. అద్దాలను పూర్తిగా శుభ్రపరచకుండా కారు నడపడం ప్రమాదకరం. జర్మనీ, బ్రిటన్ వంటి దేశాలలో అది చట్టరీత్యా నేరం కూడా.

తలుపు అద్దాలు: చాలా కన్వర్టిబుల్ కార్ల తలుపు అద్దాలకు చుట్టూ చట్రం ఉండదు. అనేక నమూనాలలో తలుపు తెరవగానే అద్దం కొద్దిగా కిందికి దిగి రబ్బరు పట్టీ నుండి విడివడుతుంది. అద్దం పట్టీకి గడ్డకట్టుకుపోతే ఇది జరగక, బలవంతంగా లాగినపుడు పట్టీ చిరగవచ్చు లేదా అద్దాన్ని దించే యంత్రం చెడవచ్చు.

నీటి దారులు: టాపు మీద నుండి జారే నీరు వెనుక భాగంలోని చిన్న గొట్టాల ద్వారా కారు కిందికి పోతుంది. వీటిలో రాలిన ఆకులు, మట్టి చేరితే నీరు నిలిచిపోతుంది. ఎమ్ఎక్స్-5 మొదటి రెండు తరాల కార్లలో తలుపుల కింది దూలాలు తుప్పు పట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం. పైకప్పు ఆధారం లేని కారుకు బలం ఎక్కువగా ఈ దూలాల నుండే లభిస్తుంది. కనుక ఈ తుప్పు వాహన భద్రతను దెబ్బతీస్తుంది. మంచును కరిగించుటకు రోడ్లపై చల్లే ఉప్పు తుప్పును మరింత వేగవంతం చేస్తుంది.

జాగ్రత్తలు

* తడిసిన లేదా గడ్డకట్టిన టాపును మడవరాదు. గడ్డకట్టిన టాపు దెబ్బతింటుంది. తడి టాపును మడిచి ఉంచితే బూజు పడుతుంది.
* టాపు మీది మంచును మెత్తని కుంచెతో తొలగించాలి. పేరుకున్న మంచు బరువు టాపు చట్రాన్ని వంచగలదు.
* రబ్బరు పట్టీలకు చలికాలానికి ముందే సిలికాన్ పూత వేయాలి. నీటి గొట్టాలను శుభ్రం చేయాలి.
* శీతాకాలపు టైర్లు వాడాలి. వేసవి టైర్ల రబ్బరు చలికి బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. స్వీడన్‌లో డిసెంబరు 1 నుండి మార్చి 31 వరకు రోడ్లపై మంచు పరిస్థితులు ఉన్నపుడు శీతాకాలపు టైర్లు తప్పనిసరి.
* కారు అడుగు భాగానికి అంటిన ఉప్పును తరచుగా నీటితో కడగాలి.

చలిలో టాపు తెరచి నడపడం

పొడి వాతావరణంలో కొందరు చలికాలంలోనూ టాపు తెరచి నడుపుతారు. ముందు అద్దం మీదుగా వెళ్ళిన గాలి సుడి తిరిగి వెనుక నుండి ప్రయాణికుల మెడకు తగులుతుంది. దీనిని అడ్డుకొనుటకు సీట్ల వెనుక వల తెరను అమర్చుతారు. 2004లో మెర్సిడెస్-బెంజ్ సంస్థ ఎస్ఎల్‌కే కారు సీట్లలో మెడకు వెచ్చని గాలి వీచే ఏర్పాటును ప్రవేశపెట్టింది.

శీతాకాలంలో నిలిపి ఉంచడం

చాలామంది యజమానులు చలి నెలలలో కారును వాడరు. జర్మనీలో 1997 నుండి కొన్ని నెలలకు మాత్రమే చెల్లే నంబరు పలకలు ఇస్తున్నారు. వాటిపై ముద్రించిన నెలలకే పన్ను, బీమా చెల్లిస్తే సరిపోతుంది. ఇలా నిలిపే కారును శుభ్రపరచి, ఆరబెట్టి, టాపును మూసి ఉంచాలి. మడిచి ఉంచితే ముడతలు శాశ్వతమవుతాయి. గాలి ఆడే గుడ్డను మాత్రమే కప్పాలి, బ్యాటరీని చార్జిలో ఉండేలా చూడాలి.