మొమెంట్స్ (ఫేస్‌బుక్ అనువర్తనం)

మొమెంట్స్ అనేది ఫోనులోని ఛాయాచిత్రాలను వాటిలో కనిపించే మిత్రులకే ఆంతరంగికంగా పంపుకోవడానికి ఫేస్‌బుక్ సంస్థ రూపొందించిన ఉచిత మొబైల్ అనువర్తనం. 2015 జూన్ 15న ఐఫోన్, ఆండ్రాయిడ్ ఫోనుల కొరకు మొదట అమెరికాలో విడుదలైంది. 2019 ఫిబ్రవరి 25న మూతబడింది. ఫోటోలోని ముఖాలను గుర్తించి, ఆ ఫోటోను ఎవరెవరికి పంపాలో అనువర్తనమే సూచించడం దీని ప్రత్యేకత. వీచాట్‌లో ఇదే పేరుతో ఉన్న సదుపాయానికీ దీనికీ సంబంధం లేదు.

నేపథ్యం

పెళ్ళి, విహారయాత్ర వంటి సందర్భాలలో పలువురు ఫోటోలు తీస్తారు. ఎవరు తీసినవి వారి ఫోనులోనే ఉండిపోతాయి. వందలకొద్దీ ఫోటోలను ఏరి ఒక్కొక్కరికీ పంపడం విసుగు పుట్టించే పని. అన్నింటినీ ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం చాలామందికి ఇష్టం ఉండదు. ఈ ఇబ్బందిని తీర్చడమే మొమెంట్స్ ఉద్దేశం.

ఇందుకు కావలసిన సాంకేతికత ఫేస్‌బుక్ వద్ద అప్పటికే ఉన్నది. ఫోటోలో ఉన్నది ఎవరో ఊహించి పేరు చెప్పే "ట్యాగ్ సూచనలు" అనే సదుపాయాన్ని 2010 చివరలో ప్రకటించింది. 2012లో ఇజ్రాయెల్‌కు చెందిన ఫేస్.కామ్ సంస్థను కొనుగోలు చేసింది. 2014లో ఫేస్‌బుక్ పరిశోధకులు ప్రకటించిన డీప్‌ఫేస్ అనే పద్ధతి, రెండు ఫోటోలలో ఉన్నది ఒకే మనిషా కాదా అన్న పరీక్షలో 97.35 శాతం సరైన జవాబులిచ్చింది. అదే పరీక్షలో మనుషులు సాధించినది 97.53 శాతం.

పనిచేసే విధానం

ఒక వ్యక్తిని ట్యాగ్ చేసిన పాత ఫోటోల నుండి ఆ ముఖానికి ఒక సంఖ్యల వరుసను తయారుచేస్తారు. దీనిని ముఖముద్ర అనవచ్చును. కొత్త ఫోటోలోని ముఖానికి వచ్చిన సంఖ్యలు దీనికి దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకరేనని భావిస్తారు. మొమెంట్స్ వాడుకరి ఫోనులోని ఫోటోలను, తీసిన సమయాన్ని బట్టీ వాటిలోని మిత్రులను బట్టీ గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును ఎవరితో పంచుకోవచ్చునో చూపేది. వాడుకరి అక్కరలేని ఫోటోలను తీసివేసి, అంగీకారం తెలిపితేనే అవి మిత్రులకు చేరేవి. అవతలివారు కూడా తమ ఫోటోలను అదే ఆల్బంలో చేర్చవచ్చును. సూచన మాత్రమే యంత్రానిది, నిర్ణయం మనిషిది అన్న ఈ ఏర్పాటు మెచ్చదగినదే. అయితే ఆ నిర్ణయం ఫోటో పంపేవారిది మాత్రమే, ఫోటోలో ఉన్నవారిది కాదు. తమ పేరు సూచనలలో రాకూడదనుకునేవారు ఫేస్‌బుక్ అమరికలలోకి వెళ్ళి ట్యాగ్ సూచనలను స్వయంగా ఆపుకోవలసి వచ్చేది.

చట్టపరమైన చిక్కులు

ఐరోపాలో ట్యాగ్ సూచనలను ఐర్లాండు సమాచార రక్షణ అధికారుల సమీక్ష తరువాత 2012లోనే నిలిపివేశారు. అందువలన మొమెంట్స్ ఐరోపా సమాఖ్యలోనూ కెనడాలోనూ వెంటనే విడుదల కాలేదు. 2016 మేలో అక్కడికి వచ్చిన రూపంలో ముఖ గుర్తింపు లేదు. ఒకే వ్యక్తివిగా తోచే ఫోటోలను అది ఒకచోట చేర్చేది, పేరు మాత్రం వాడుకరి వ్రాసుకోవాలి. అంటే అనువర్తనానికి ప్రాణమైన సూచన అక్కడ సగమే మిగిలింది.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2008లో చేసిన చట్టం ప్రకారం, ముఖం కొలతలను సేకరించే ముందు ఆ వ్యక్తి వ్రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఈ చట్టం క్రింద ట్యాగ్ సూచనలపై 2015లో దావా దాఖలైంది. దీనిని 65 కోట్ల డాలర్లకు పరిష్కరించుకోగా, 2021లో న్యాయస్థానం ఆమోదించింది.

ఆదరణ, ముగింపు

ఫోనులోని ఫోటోలను తనంతట తానే భద్రపరచే పాత సదుపాయాన్ని ఫేస్‌బుక్ తొలగిస్తూ, ఆ ఫోటోలు కావాలంటే మొమెంట్స్‌ను దించుకోవాలని వాడుకరులకు తెలిపింది. దీనితో 2016 జూన్‌లో ఇది యాప్ స్టోర్ జాబితాలో పైకి ఎగబాకింది. ఇది ఇష్టపడి చేరినవారి సంఖ్య అనడం కష్టం. ఆ తరువాత వాడకం నిలబడలేదు. మూసివేత సమయంలో ఫోటోలను కంప్యూటరుకు గానీ ఫేస్‌బుక్ ఆల్బంకు గానీ తరలించుకోవడానికి 2019 మే వరకు గడువు ఇచ్చారు.

ఇదే ఆలోచనను గూగుల్ ఫోటోస్ 2017లో పంపకపు సూచనలుగానూ, ఆపిల్ 2018లో ఐఓఎస్ 12 లోనూ ప్రవేశపెట్టాయి. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన వేదికలోని ముఖ గుర్తింపు వ్యవస్థను ఆపివేస్తున్నట్లు 2021 నవంబరు 2న ప్రకటించింది. నూరు కోట్లకు పైగా వ్యక్తుల ముఖముద్రలను చెరిపివేస్తామని అప్పుడు తెలిపింది.