ఇంటర్మీడియట్ తర్వాత పత్రికా రచన చదువు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
తెలుగు నేలపై పత్రికా రచన చదువు విశ్వవిద్యాలయాల్లో డిగ్రీకి పైమెట్టుగా మొదలైంది. ఇంటర్మీడియట్ ముగించిన గ్రామీణ విద్యార్థికి అందులోకి నేరుగా దారి లేకపోయింది. మార్కాపురం, గిద్దలూరు వంటి ప్రాంతాల్లో ఆ లోటును పత్రికల సొంత శిక్షణ, విలేకరి పని, డిగ్రీ తెలుగు తరగతి కొంతమేరకు తీర్చాయి. ఈ మూడింటిలో తెలుగు తరగతి పాత్రను తెలుగు శాఖలు తగినంతగా పట్టించుకోలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పత్రికా రచన, జనసమాచార విద్య, పశ్చిమ ప్రకాశం, మండల విలేకరి, సాధారణ తెలుగు, పత్రికాభాష.

ఉపోద్ఘాతం:
“పేపరులో పని చేయాలంటే ఏం చదవాలి?” అనే ప్రశ్న మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థికి కలిగితే, అతడు తెలుగు అధ్యాపకుణ్ణే ఆశ్రయిస్తాడు. ఇంజనీరింగు, వైద్యం, ఉపాధ్యాయ శిక్షణల గురించి చెప్పడానికి ఊళ్లో చాలామంది ఉంటారు. జనసమాచార విద్య గురించి చెప్పగలిగిన వాళ్లు అరుదు. ఆ విద్యార్థి తెలుగు అధ్యాపకుణ్ణి అడగడం వెనుక సుమారు ఏడు దశాబ్దాల విద్యాచరిత్ర ఉంది. ఆ చరిత్రను ఒక ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించడం, అందులో తెలుగు శాఖల స్థానాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం లక్ష్యం.

ప్రాంత నేపథ్యం:
1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి, పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి ఈ జిల్లాలోకి వచ్చాయి. కార్యాలయాలు ఒంగోలుకు మారాయి గాని రాకపోకల తీరు మారలేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ స్టేషన్ల మీదుగా సాగే రైలుమార్గం నంద్యాలను గుంటూరుతో కలుపుతుంది. ఒంగోలు ఆ దారిలో లేదు. జిల్లా కేంద్రం ఒక దిక్కున, రైలు పోయే ఊళ్లు మరో దిక్కున ఉండటం వల్ల ఉన్నత విద్య కోసం ఇక్కడి విద్యార్థి ఎటు వెళ్లినా దూరమే అయింది. చదువుకు సంబంధించిన ఏ చర్చలోనైనా ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

సమాచార రంగానికి ఈ ప్రాంతం కొత్తది కాదు. మార్కాపురంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. దేశమంతటా బడిపిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలకు మార్కాపురం ప్రసిద్ధి. ఇంతమందికి రాత పరికరాన్ని అందించిన ఊళ్లో రాతను వృత్తిగా నేర్పే చదువు ఎందుకు నిలదొక్కుకోలేదో తెలియాలంటే విశ్వవిద్యాలయాల చరిత్రను చూడాలి.

విశ్వవిద్యాలయాల్లో పత్రికా రచన:
1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో, 1947లో మద్రాసు విశ్వవిద్యాలయంలో పత్రికా రచన శాఖలు మొదలయ్యాయి. తెలుగు ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో ఈ శాఖను ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, శ్రీ కృష్ణదేవరాయ, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాలు దీనిని బోధనాంశంగా స్వీకరించాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఉస్మానియాలో బి.సి.జె. పేరులో ‘బ్యాచిలర్’ అని ఉన్నా, అందులో చేరడానికి అంతకుముందే ఒక డిగ్రీ ఉండవలసి వచ్చేది. ఎం.సి.జె. దానికి పైమెట్టుగా ఉండేది. అంటే ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి మరేదో విషయంలో మూడేళ్లు చదివిన తర్వాతే పత్రికా రచన తరగతి గదిలో అడుగు పెట్టగలిగేవాడు. ఇంటర్ తర్వాత నేరుగా చేరగల మూడేళ్ల బి.ఎ. మాస్ కమ్యూనికేషన్ కోర్సులు హైదరాబాదు, సికింద్రాబాదుల్లోని కొన్ని కళాశాలల్లో వచ్చాయి. వాటిలో బోధన ప్రధానంగా ఆంగ్లంలో సాగింది. తెలుగు మాధ్యమంలో చదివిన మెట్టప్రాంత విద్యార్థికి దూరం, ఖర్చు, భాష అనే మూడు అడ్డంకులు ఒకేసారి ఎదురయ్యాయి.

1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి, పత్రికా రచనను తన పరిధిలోకి తీసుకోవడంతో భాష అనే అడ్డంకి కొంత తగ్గింది. మిగిలిన రెండూ అలాగే ఉన్నాయి.

పత్రికల పాఠశాలలు, మండల విలేకరి:
విశ్వవిద్యాలయాలు తెరవని తలుపును పత్రికలు తమ అవసరం కొద్దీ తెరిచాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. పాలన గ్రామానికి దగ్గరైన కొద్దీ వార్తకు కేంద్రాలు పెరిగాయి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టింది; ఇతర దినపత్రికలూ ఆ మార్గం పట్టాయి. తర్లుపాడు, బేస్తవారిపేట, కొమరోలు, రాచర్ల వంటి మండల కేంద్రాల్లో జరిగే సంగతులకు అచ్చులో చోటు దొరికింది. వాటిని రాసి పంపేవాళ్లు కావలసి వచ్చారు.

ఆ రాసేవాళ్లలో ఎక్కువమందికి జర్నలిజం పట్టా లేదు. ‘లైన్ అకౌంట్’ అని పత్రికల వాడుకలో ఉన్న పద్ధతిలో, అచ్చయిన పంక్తుల లెక్కన వాళ్లకు ప్రతిఫలం అందేది. పంపిన వార్తకూ అచ్చయిన వార్తకూ మధ్య తేడాలను మరునాడు పోల్చుకోవడమే వాళ్లకు దొరికిన పాఠం. ఏ వాక్యం పోయింది, ఏ మాట మారింది, చివర రాసిన విషయం మొదటికి ఎందుకు వచ్చింది అని గమనిస్తూ ఒక తరం వార్తారచన నేర్చుకుంది. అయితే ఆ పాఠంలో కారణం చెప్పేవారు లేరు. దిద్దుబాటు కనిపించేది, దాని వెనుక ఉన్న సూత్రం కనిపించేది కాదు.

దినపత్రికలు నడిపిన జర్నలిజం పాఠశాలలు ఉపసంపాదకులకు ఆ సూత్రాన్ని నేర్పే ప్రయత్నం చేశాయి. వీటిలో ఈనాడు జర్నలిజం పాఠశాల చరిత్ర తెలుగు శాఖలకు ముఖ్యమైనది. దాని ప్రధానాచార్యులు బూదరాజు రాధాకృష్ణ. ఆయన 1932లో అప్పటి గుంటూరు జిల్లా వేటపాలెంలో జన్మించారు. ఆ ఊరు తర్వాత ప్రకాశం జిల్లాలో చేరి, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. ఆయన శాసనభాషను పరిశోధించిన భాషావేత్త, తెలుగు అధ్యాపకులు, తెలుగు అకాడమీలో పనిచేసినవారు. శాసనమైనా వార్త అయినా పదిమందీ చదివి అర్థం చేసుకోవడానికి రాసినదే కనుక, ఒకదాన్ని పరిశోధించిన పండితుడు మరొకదాన్ని బోధించడంలో వింత లేదు. తెలుగులో పత్రికా శిక్షణకు ఒక భాషాచార్యుణ్ణి ఎంచుకోవడం ఆ వృత్తికి భాషే పునాది అన్న గుర్తింపును సూచిస్తుంది. ఆ గుర్తింపు పత్రికా కార్యాలయంలో కలిగినంత స్పష్టంగా విశ్వవిద్యాలయ తెలుగు శాఖల్లో కలగలేదు.

డిగ్రీ తెలుగు తరగతి:
ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో రెండు అంశాలు ఈ చర్చకు అవసరం. మొదటిది, ‘జర్నలిస్టిక్ రిపోర్టింగ్’ అనే నైపుణ్యాభివృద్ధి కోర్సు. రెండవది, సాధారణ తెలుగు మూడవ పత్రమైన ‘సృజనాత్మక రచన’లో చేరిన ‘మాధ్యమాలకు రచన’. ముద్రణ మాధ్యమానికీ ప్రసార మాధ్యమానికీ ఎలా రాయాలో ఆ పాఠాలు పరిచయం చేశాయి. తెలుగును ద్వితీయ భాషగా ఎంచుకున్న విద్యార్థి బి.కాం. చదివినా, బి.ఎస్సీ. చదివినా ఆ పాఠం చదవవలసి వచ్చింది.

దీని ప్రాముఖ్యం పైకి కనిపించేదానికన్నా ఎక్కువ. జర్నలిజం శాఖ లేని మార్కాపురం, కంభం, గిద్దలూరు కళాశాలల్లోకి కూడా జనసమాచార విద్య ఈ దారిలో ప్రవేశించింది. బోధించే బాధ్యత తెలుగు అధ్యాపకుడిపై పడింది. పైగా 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలో నడపాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించడంతో, విద్యార్థి తెలుగులో ఆలోచించి తెలుగులో రాసే అవకాశం దాదాపుగా తెలుగు తరగతికే పరిమితమైంది. తెలుగు పత్రికలకు రేపటి రాతగాళ్లు తయారుకాగల చోటు అదొక్కటే. 2023-24లో డిగ్రీ విధానం మళ్లీ మారింది. ఇలా మారిన ప్రతిసారీ సాధారణ తెలుగులో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న ప్రశ్న వస్తుంది. ‘మాధ్యమాలకు రచన’ను సాహిత్య పాఠాలకు అనుబంధంగా మాత్రమే చూస్తే, అది ముందుగా జారిపోయే పాఠం అవుతుంది.

స్థానిక వస్తువే పాఠం:
ఆ పాఠాన్ని వ్యాసరూప ప్రశ్నలకు జవాబులుగా బోధిస్తే ప్రయోజనం స్వల్పం. విద్యార్థి ఊరి వార్తనే పాఠ్యంగా తీసుకుంటే అతడి శ్రద్ధ పెరుగుతుంది. దీనికి రెండు ఉదాహరణలు చూద్దాం.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల నీటిని మళ్లించి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు ఇవ్వడం దాని లక్ష్యం. ఈ అంకెలు ఏళ్ల తరబడి వార్తల్లో వస్తున్నాయి. కాని ఒక టీఎంసీ అంటే ఎంత? వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,832 కోట్ల లీటర్లు. సెకనుకు 11,574 ఘనపుటడుగుల చొప్పున, అంటే అన్ని క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ లెక్క తెలిసిన విద్యార్థి వార్తలోని అంకెను ప్రశ్నించగలడు. కంభం చెరువు కింది రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పగలడు. ఇది గణితపాఠం కాదు, అర్థవిజ్ఞాన పాఠం.

రెండవది ఫ్లోరైడు. నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పరిశోధన వెలువడింది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పటికి ఆ జిల్లాలోవే. లీటరు తాగునీటిలో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు ఉండవచ్చని, మరో నీటివనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. ఆ అంకెకూ వంగిన ఎముకలతో నడిచే మనిషికీ మధ్య సంబంధాన్ని, ఆ మనిషి గౌరవానికి భంగం కలగకుండా ఎలా రాయాలి? ‘బాధితుడు’, ‘వికలాంగుడు’, ‘రోగి’ అనే మాటల్లో ఏది ఎక్కడ తగును? శైలి, ఔచిత్యం అని మనం కావ్యాల్లో బోధించే విషయాలే ఇక్కడ ఒక మనిషి జీవితాన్ని తాకుతాయి.

భాషాపరంగా మరో ప్రయోజనం కూడా ఉంది. కర్నూలు నుంచి వచ్చిన మండలాల పలుకుబడి, నెల్లూరు నుంచి వచ్చిన మండలాల పలుకుబడి, నల్లమల అంచున చెంచుల మాట ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నాయి. వార్త ప్రమాణభాషలో సాగినా, మాట్లాడిన మనిషి మాటను అతడి పలుకుబడిలోనే ఉంచడం సాధ్యమే. పలకల గనుల్లో పనిచేసేవాళ్లను కలిసి, వాళ్ల పనిముట్ల పేర్లను వాళ్లు పలికినట్టే రాసుకొని వచ్చిన విద్యార్థి ఒకేసారి వార్తాసేకరణనూ వృత్తిపదసేకరణనూ నేర్చుకుంటాడు. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో మొదలైన మాండలిక వృత్తిపదకోశాల కృషికి అది చిన్న కొనసాగింపు అవుతుంది.

ముగింపు:
పై పరిశీలనవల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, తెలుగు ప్రాంతంలో పత్రికా రచన చదువు డిగ్రీకి పైన స్థిరపడటంతో ఇంటర్మీడియట్ ముగించిన గ్రామీణ విద్యార్థికి అది ఆలస్యంగా, దూరంగా దొరికింది. రెండు, ఆ లోటును పత్రికలు తమ అవసరాల మేరకే తీర్చాయి. మండల విలేకరి పని నేర్చుకున్నాడు గాని శాస్త్రం అందుకోలేకపోయాడు. మూడు, డిగ్రీ సాధారణ తెలుగు ఆ శాస్త్రాన్ని చిన్న ఊళ్ల కళాశాలల దాకా తీసుకువెళ్లగల మార్గంగా ఏర్పడింది.

కాబట్టి తెలుగు శాఖలు చేయదగిన పనులు ఉన్నాయి. పాఠ్యప్రణాళిక మారినా ‘మాధ్యమాలకు రచన’ను నిలుపుకోవాలి. ఎం.ఎ. తెలుగులో పత్రికాభాషా బోధనకు స్థానం కల్పించి, రేపటి అధ్యాపకుణ్ణి దానికి సిద్ధం చేయాలి. ప్రాంతీయ విలేకరుల రచనలను పరిశోధనాంశంగా స్వీకరించాలి. “పేపరులో పని చేయాలంటే ఏం చదవాలి?” అని అడిగిన విద్యార్థికి హైదరాబాదు దారి చూపి ఊరుకోవడం జవాబు కాదు. ఆ ప్రశ్న అతడు తెలుగు అధ్యాపకుణ్ణి అడిగాడు. ఆ చదువులో మొదటి పాఠం ఆ తరగతి గదిలోనే మొదలుకావాలి.