యంత్రం మాట, రోగి మాట: కెనడా రేడియేషన్ చికిత్స చరిత్రలో రెండు ఘట్టాలు

రేడియేషన్‌తో కాన్సర్‌కు చికిత్స చేసే విద్యలో కెనడా దేశానికి రెండు రకాల ప్రసిద్ధి ఉంది. మొదటిది 1951 నాటి కోబాల్ట్-60 యంత్రం. దాన్ని కెనడా ప్రజలు గర్వంగా తలచుకుంటారు. 1988లో దాని పేర తపాలా బిళ్ళ కూడా వెలువడింది. రెండవది 1985–87 మధ్య జరిగిన థెరాక్-25 ఉదంతం. దీన్ని ఎక్కువగా చెప్పుకునేది వైద్యులు కారు, కంప్యూటర్ ఇంజినీర్లు. ఈ వ్యాసం చదివేవారిలో సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవారు దీన్ని కాలేజీలో ఒక పాఠంగా చదివే ఉంటారు. అక్కడది 'రేస్ కండిషన్' అనే దోషానికి ఉదాహరణ. వైద్యుడిగా నాకు అందులో కనిపించేది వేరు. తమ ఒంటికి ఏదో జరిగిందని రోగులు చెప్పారు. ఏమీ జరగలేదని యంత్రం చెప్పింది. చాలాకాలం యంత్రం మాటే చెల్లింది.

ముందుగా కోబాల్ట్ సంగతి. ఒంటారియోలోని చాక్ రివర్ వద్ద 1947 జులైలో ఎన్‌ఆర్‌ఎక్స్ అనే అణు రియాక్టర్ పని మొదలుపెట్టింది. అంత తీవ్రమైన న్యూట్రాన్ల ప్రవాహాన్నిచ్చే రియాక్టర్లు ఆనాటికి చాలా అరుదు. మామూలు కోబాల్ట్ లోహాన్ని అందులో నెలల తరబడి ఉంచితే, కొంతభాగం రేడియోధార్మికత గల కోబాల్ట్-60గా మారుతుంది. దాని అర్ధాయువు 5.27 సంవత్సరాలు. అంతకు ముందు వాడుకలో ఉన్న ఎక్స్‌-రే యంత్రాలతో లోతుగా ఉన్న కణితికి చాలినంత మోతాదు అందించబోతే, ముందు చర్మం కాలిపోయేది. కోబాల్ట్ గామా కిరణాల ప్రభావం చర్మం మీద కాక, దాదాపు అర సెంటీమీటరు లోపల గరిష్ఠస్థాయికి చేరుతుంది. గర్భాశయ ముఖద్వారంలోనో, మూత్రాశయంలోనో ఉన్న కాన్సర్‌కు ఇది ఎంత పెద్ద వరమో ఊహించుకోవచ్చు.

రియాక్టర్ నుంచి వచ్చిన కోబాల్ట్‌తో రెండు బృందాలు పనిచేశాయి. సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జాన్స్, ఆయన విద్యార్థులు కలసి సాస్కటూన్ నగరంలోని ఒక మెషిన్ షాపులో తమ యంత్రాన్ని తయారు చేయించుకున్నారు. ఎల్డొరాడో అనే గనుల సంస్థ తయారుచేసిన రెండవ యంత్రం ఒంటారియోలోని లండన్ నగరంలో విక్టోరియా ఆసుపత్రికి చేరింది. 1951 అక్టోబరు 27న లండన్‌లో మొదటి రోగికి చికిత్స జరిగింది. సాస్కటూన్‌లో నవంబరు 8న. పందెం అనుకుంటే పన్నెండు రోజుల తేడాతో జాన్స్ బృందం ఓడిపోయింది.

కాని సాస్కటూన్‌కు కోబాల్ట్ ఆ వేసవిలోనే వచ్చి ఉంది. తర్వాతి వారాలన్నీ వాళ్ళు కొలతలకే వెచ్చించారు. కిరణపుంజం ఏ లోతున ఎంత మోతాదు ఇస్తున్నదో, అంచుల దగ్గర ఎంత తగ్గుతున్నదో, పుంజం వెడల్పు మారిస్తే ఆ లెక్క ఎలా మారుతున్నదో, ఒక్కొక్కటే కొలిచి పట్టికలు తయారు చేశారు. ఆ పనిలో పాలుపంచుకున్న యువ భౌతికశాస్త్రజ్ఞురాలు సిల్వియా ఫెడరుక్ తర్వాతి కాలంలో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయింది. నవంబరు 8న వాళ్ళు చికిత్స చేసిన నలభైమూడేళ్ళ స్త్రీకి గర్భాశయ ముఖద్వార కాన్సర్. ఆవిడ ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం బతికింది. ఆ యంత్రం 1972 దాకా ఆరువేల పైచిలుకు రోగులకు పనికొచ్చింది. ఎవరు ముందు అన్న ప్రశ్న మీద పత్రికలకు ఆసక్తి ఉండవచ్చు గాని, వైద్యానికి మిగిలింది ఆ కొలతలే.

ఎల్డొరాడో సంస్థలోని ఈ విభాగం 1952లో ప్రభుత్వ సంస్థ 'అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్'లో కలిసిపోయింది. ఏఈసీఎల్ అన్న పొడి అక్షరాలతో ఆ సంస్థ అమ్మిన కోబాల్ట్ యంత్రాలు ప్రపంచమంతా వ్యాపించాయి. మద్రాసు అడయార్‌లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి స్థాపించిన కాన్సర్ సంస్థకు 1957లో వచ్చిన కోబాల్ట్ యంత్రం కూడా కెనడాదే. మన పల్లెల్లో రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టించడం' అంటారు. నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి మద్రాసు వెళ్ళి కరెంటు పెట్టించుకు వచ్చిన పాతతరం వాళ్ళలో, ఆ 'కరెంటు' ఒంటారియోలోని ఒక రియాక్టర్‌లో మొదలైందని ఎందరికి తెలుసు!

కోబాల్ట్ యంత్రంలో దాపరికం తక్కువ. కిరణాల జోరు ముందుగానే కొలిచిపెట్టినది, నెలకు సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. ఎంతసేపు మూత తెరిచి ఉంచితే అంత మోతాదు. మూత ఇరుక్కుపోవచ్చు, గడియారం చెడిపోవచ్చు. కాని ఒక్క క్షణంలో మోతాదు నూరు రెట్లు కావడం దాని స్వభావంలో లేదు. తర్వాత వచ్చిన లీనియర్ యాక్సిలరేటర్లు ఇలాంటివి కావు. విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను పరుగెత్తించి, అవసరాన్ని బట్టి వాటినే నేరుగా వాడతారు, లేదా ఒక లోహపు ఫలకానికి తాకించి ఎక్స్-కిరణాలుగా మారుస్తారు. ఎక్స్-కిరణాలు కావాలంటే ఎలక్ట్రాన్ ప్రవాహాన్ని సుమారు నూరు రెట్లు పెంచాలి. అంత ప్రవాహం ఉన్నప్పుడు ఆ ఫలకం అడ్డుగా లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

థెరాక్-25 ఇటువంటి యంత్రం. 1982 చివర్లో మార్కెట్టులోకి వచ్చింది. మొత్తం పదకొండు అమ్ముడుపోయాయి: కెనడాలో ఆరు, అమెరికాలో అయిదు. దానికి ముందరి థెరాక్-20లో ఫలకం సరైన చోట లేకపోతే కిరణం వెలువడకుండా అడ్డుకునే ఎలక్ట్రికల్, మెకానికల్ ఏర్పాట్లు విడిగా ఉండేవి. థెరాక్-25లో వాటిలో చాలావాటిని తీసేసి, ఆ బాధ్యతను పీడీపీ-11 కంప్యూటర్‌లోని ప్రోగ్రాముకు అప్పగించారు. ఆ ప్రోగ్రామును అసెంబ్లీ భాషలో రాసింది ఒక్క మనిషి. 1983లో ఏఈసీఎల్ చేసిన భద్రతా విశ్లేషణ, సాఫ్ట్‌వేర్‌లో దోషాలుండే అవకాశాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇనుము అరుగుతుంది, తీగ తెగుతుంది, ప్రోగ్రాము మాత్రం అరగదు, తెగదు కదా అన్న ధోరణి అది.

1985 జూన్‌లో జార్జియా రాష్ట్రం మారియెట్టాలో ఒక రోగి, చికిత్స జరుగుతుండగానే ఒళ్ళు కాలిందని చెప్పింది. అలా జరగడానికి వీల్లేదని ఆపరేటర్ అన్నాడు. అక్కడి భౌతికశాస్త్రజ్ఞుడికి అనుమానం వచ్చి తయారీదారును అడిగితే, సాధ్యం కాదనే జవాబు వచ్చింది.

జులై 26న ఒంటారియోలోని హామిల్టన్‌లో నలభయ్యేళ్ళ స్త్రీకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ చికిత్స జరుగుతోంది. అది ఆమెకు 24వ విడత. అయిదు సెకన్లకే యంత్రం ఆగిపోయి, తెర మీద 'మోతాదు అందలేదు' అని చూపింది. ఆపరేటర్ 'పి' మీట నొక్కి కొనసాగించాడు. మళ్ళీ ఆగింది. ఇలా నాలుగుసార్లు. ఆపరేటర్లకు ఇందులో వింతేమీ లేదు, ఆ యంత్రం ఊరికే ఆగిపోవడం రోజువారీ వ్యవహారం. రోగి తుంటి దగ్గర మండుతున్నదనీ, కరెంటు షాకు తగిలినట్లున్నదనీ చెప్పింది. మన పల్లెవాళ్ళ 'కరెంటు' ఆమెకు అక్షరాలా అనుభవమైంది. మూడు రోజుల తర్వాత నొప్పితో, వాపుతో తిరిగివచ్చింది. ఆమెకు పడినది 13,000 నుంచి 17,000 రాడ్‌ల మధ్య ఉంటుందని తర్వాత అంచనా వేశారు. ఒక్క విడతలో మామూలుగా ఇచ్చేది 200 రాడ్‌లు. నవంబరులో ఆమె కాన్సర్‌తోనే మరణించింది. బతికి ఉంటే తుంటికీలు మార్చవలసి వచ్చేదని శవపరీక్షలో తేలింది.

ఏఈసీఎల్ ఇంజినీర్లు ఆ లోపాన్ని మళ్ళీ సృష్టించలేకపోయారు. ఒక మైక్రోస్విచ్ మీద అనుమానంతో దాన్ని సవరించి, భద్రత లక్ష రెట్లు పెరిగిందని ప్రకటించారు. కారణం రూఢి కాని జబ్బు లక్ష రెట్లు తగ్గిందని చెప్పే వైద్యుణ్ణి మనం ఏమంటాం? ఇటువంటి లోపం వస్తే కొనసాగించే వీలు లేకుండా చికిత్సను పూర్తిగా ఆపేయాలనీ, ఫలకం స్థానాన్ని స్వతంత్రంగా సరిచూసే ఏర్పాటు ఉండాలనీ కెనడా ప్రభుత్వపు రేడియేషన్ రక్షణ విభాగం ఆ నవంబరులోనే కోరింది. ఆ మాట వెంటనే చెల్లి ఉంటే తర్వాతి మరణాలు కొన్నయినా తప్పేవని నా నమ్మకం.

1986లో టెక్సస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో మార్చి 21న ఒకరికి, ఏప్రిల్ 11న మరొకరికి ఇదే జరిగింది. మొదటి ప్రమాదం తర్వాత యంత్రాన్ని పరీక్షించి, దోషం లేదని తేల్చి, ఏప్రిల్ 7న మళ్ళీ వాడకంలో పెట్టారు. ఇద్దరూ మరణించారు. తెర మీద కనిపించినది 'మాల్‌ఫంక్షన్ 54'. దాని అర్థం ఆపరేటర్ల పుస్తకంలో లేదు. రహస్యం ఛేదించింది తయారీదారు కాదు, ఆసుపత్రి భౌతికశాస్త్రజ్ఞుడు. రెండు సందర్భాల్లోనూ పనిచేసిన ఆపరేటర్‌నే కూర్చోబెట్టుకుని, ఆవిడ చేసినదంతా మళ్ళీ మళ్ళీ చేయించి చూశాడు. ఎక్స్-కిరణాలకు 'ఎక్స్' అని కొట్టి, పొరపాటు గమనించి, పైబాణం మీటతో వెనక్కి వెళ్ళి ఎలక్ట్రాన్లకు 'ఇ' అని దిద్దితే, ఆ దిద్దుబాటంతా ఎనిమిది సెకన్లలోపు ముగిస్తే, ప్రోగ్రాములో ఒక భాగానికి ఆ మార్పు తెలిసేది కాదు. కొత్తగా చేరి, వెతుక్కుంటూ మీటలు నొక్కేవారి చేతిలో ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. చేయి తిరిగినవారి చేతిలోనే యంత్రం చంపుతుంది. ఏఈసీఎల్ సూచించిన మొదటి విరుగుడు ఏమిటంటే, పైబాణం మీట టోపీ పీకేసి, కింద స్విచ్చి కలవకుండా టేపు అంటించమని!

1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో జరిగిన ఆరవ ప్రమాదానికి కారణం వేరు. ఒక బైటులో దాచిన సంఖ్యకు ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోతే 256వ సారి అది సున్నా అవుతుంది. సున్నా అంటే 'సరిచూడనక్కరలేదు' అని ప్రోగ్రాము అర్థం. ఆ రోగి కూడా మరణించాడు.

ఇంతకూ పైబాణం దోషం పాత థెరాక్-20 ప్రోగ్రాములోనూ ఉంది. షికాగోలో విద్యార్థులు దాని మీద శిక్షణ పొందుతూ ఎడాపెడా మీటలు నొక్కినప్పుడు ఫ్యూజులు ఎగిరిపోయేవి, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రోగ్రాము తప్పు చేసినా, దాని మాట వినని ఒక ఫ్యూజు పక్కన ఉంది. 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్‌లు ప్రచురించిన సుదీర్ఘ పరిశోధనా వ్యాసం ఈ వివరాలన్నిటినీ వెలుగులోకి తెచ్చింది. దోషమున్న ఒక్క వాక్యాన్ని దిద్దితే సమస్య తీరిపోయిందనుకోవడమే అసలు పొరపాటని వాళ్ళ వాదన. అది నాకు పూర్తిగా సమ్మతం.

ఇటీవలి పరిశోధనలు ఈ ప్రశ్నను కొత్త రూపంలో మన ముందుకు తెచ్చాయి. టొరాంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ కాన్సర్ కేంద్రం ప్రొస్టేట్ కాన్సర్‌కు రేడియేషన్ ప్రణాళికలను మెషిన్ లర్నింగ్‌తో తయారు చేయించి, ఆ ఫలితాలను 2021లో 'నేచర్ మెడిసిన్'లో ప్రచురించింది. ఏది మనిషిది, ఏది యంత్రానిది అని చెప్పకుండా వైద్యులకు చూపితే, యంత్రపు ప్రణాళికల్లో 89 శాతం ఆమోదయోగ్యమన్నారు. 72 శాతం సందర్భాల్లో యంత్రానిదాన్నే ఎంచుకున్నారు. ప్రణాళికకు పట్టే సమయం 118 గంటల నుంచి 47కు తగ్గింది. విశేషం ఇది కాదు. పాత రోగుల వివరాలతో జరిపిన పరీక్ష దశలో యంత్రాన్ని ఎంచుకున్నది 83 శాతం. చికిత్స కోసం వచ్చిన రోగుల విషయంలో ఆ సంఖ్య 61కి పడిపోయింది. ప్రణాళికల నాణ్యత మీద వైద్యుల అభిప్రాయం మాత్రం పెద్దగా మారలేదు.

దీన్ని వైద్యుల మొండితనం అనేవారుంటారు. నేననను. పరీక్షలో ఉన్నది కాగితం మీది రోగి. రెండవ దశలో ఉన్నది మర్నాడు బల్ల మీద పడుకోబోయే మనిషి. ఒళ్ళు మండితే చెప్పగలిగే మనిషి.