మోనజైట్ ఇసుక: కొల్లేటి పాత తీరం నుంచి ఒక చారిత్రక పరిశీలన

కైకలూరును ఆనుకొని ఉన్న కొల్లేరు నేడు మంచినీటి సరస్సు. భూవిజ్ఞానుల అభిప్రాయంలో ఇది ఒకప్పటి సముద్రతీరపు ఉప్పునీటి కయ్య. కృష్ణా, గోదావరి నదుల ఒండ్రుతో డెల్టాలు ముందుకు పెరిగి, తీరం సుమారు 35 కిలోమీటర్ల దూరం జరిగింది. ఆ పాత అనుబంధానికి ఉప్పుటేరు నేటికీ సాక్ష్యం.

తీరాన్ని నిర్మించిన ఈ క్రమమే తీరపు ఇసుకలో బరువైన ఖనిజాలనూ పోగుచేసింది. తూర్పు కనుమల శిలల నుంచి విడివడిన మోనజైట్ వాటిలో ఒకటి. సీరియం, లాంథనం, నియోడిమియం వంటి విరళ మృత్తిక మూలకాలు, థోరియం కలిగిన ఫాస్ఫేట్ ఇది. మామూలు ఇసుక కన్నా దాదాపు రెండింతల సాంద్రత గలది కనుక, తేలిక రేణువులను అలలు లాగుకొనిపోగా ఇది ఒడ్డున నిలుస్తుంది. 1829లో బ్రైథాప్ట్ పెట్టిన పేరుకు మూలమైన గ్రీకు పదానికి 'ఒంటరిగా ఉండటం' అని అర్థం. స్ఫటికాల సేకర్తలకు అది అపురూప వస్తువు. తీరవాసికి కాలికింది ఇసుక.

దీని విలువను ఒక్కొక్క యుగం ఒక్కొక్క విధంగా నిర్ణయించింది. మొదటిది దీపపు యుగం. 1891 నాటికి వెల్స్‌బాఖ్ థోరియం, సీరియం ఆక్సైడులతో గ్యాసుదీపపు మాంటిల్‌ను పరిపూర్ణం చేశాడు. 1909లో తిరువాన్కూరు ఇసుకలో మోనజైట్‌ను గుర్తించాక ఎగుమతి మొదలైంది. తెలుగు పల్లెల్లో నాటకాలకూ, పెళ్ళి ఊరేగింపులకూ వెలుగునిచ్చిన పెట్రోమాక్స్ ఆ సాంకేతికత సంతానమే. రెండవది అణుయుగం. థోరియం కారణంగా మోనజైట్ ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చింది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. మూడవది అయస్కాంత యుగం. 1980ల నుంచి నియోడిమియం అయస్కాంతాలు, ఇప్పుడు విద్యుత్ వాహనాలు, గాలిమరలు అంతకుముందు అంతగా పట్టించుకోని మూలకాలకు గిరాకీ తెచ్చాయి.

అణు ఖనిజాల సంచాలకాలయం అంచనాల్లో దేశంలోకెల్లా అధిక మోనజైట్ వనరులు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అవి 35 లక్షల టన్నులకు పైమాటే. అయితే ఆనకట్టల వల్ల నదులు తెచ్చే ఒండ్రు తగ్గి, డెల్టా తీరం పలుచోట్ల కోతకు గురవుతున్నది. కనుక ఇసుకను ఖనిజంగా మాత్రమే లెక్కించే చరిత్ర అసంపూర్ణం. ఖనిజపు ధర యుగానికొకసారి మారింది. ఊరికీ కడలికీ నడుమ అడ్డుగోడగా ఇసుకకున్న విలువ మాత్రం మారలేదు. పంటలు, ఆనకట్టలు, ఓడరేవులతోపాటు ఈ రెండు విలువలనూ పక్కపక్కన నిలిపి చూసినప్పుడే తెలుగు తీర చరిత్ర సమగ్రమవుతుంది.